ఒక్కడే పట్టే బండి

మా ఇంటి పక్కన చెనక్కాయల కొట్టం ఒకటి ఉంది. మా నాయన కట్టించినది. మట్టి గోడలు, పైన రేకులు. మా భూమి సోలార్ కంపెనీకి గుత్తకు ఇచ్చినప్పటి నుంచి చెనక్కాయల పంట లేదు, కొట్టంలో మూటలూ లేవు. అయినా నేను దాన్ని వారం వారం ఊడ్చి, కళ్ళాపి చల్లి, తలుపు గడియకు నూనె వేసేవాణ్ణి. వాడుకోవడం లేదని వదిలేస్తే ఇల్లు పాడవుతుంది, మనిషీ పాడవుతాడు. ఇది నా నమ్మకం.

నా పేరు రామాంజినప్ప. మాది వల్లూరు. చదివింది ఏడో తరగతి. సోలార్ ప్లాంటులో పగటి కావలి పని చేస్తాను. తాగను, పొగ పీల్చను, ఇతరుల వస్తువు చేతితో ముట్టను. దెయ్యాల మాటలు చెప్పుకునే చోట కూర్చోను కూడా. ఈ సంగతి రాస్తున్నానంటే దీన్ని ఇంకొకరికి చెప్పుకునే దారి నాకు లేకే.

మహానవమికి కొన్నాళ్ళ ముందు రాజేశ్ అనే ఆయన బెంగళూరు నుంచి వచ్చాడు. పాత కార్లు కొని అమ్మడం ఆయన వ్యాపారం. మా ప్లాంటు కాంట్రాక్టరుకు తెలిసినవాడు. ఆయన వెనకాలే మూసిన లారీ ఒకటి వచ్చి మా కొట్టం ముందు ఆగింది. పలకలు వేసి, నలుగురు పట్టుకొని దానిలోనుంచి ఒక బండిని దించారు.

అలాంటి బండిని మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. పెద్ద చుట్ట లాగా పొడుగ్గా, సన్నగా ఉంది. చక్రాలు నాలుగూ బయటికే ఉన్నాయి. పైకప్పు లేదు, తలుపు లేదు. నడుమ ఒక గుంత, ఆ గుంతలో ఒకే ఒక సీటు. మనిషి పైనుంచి కాళ్ళు పెట్టి లోపలికి జారాలి. ముదురాకుపచ్చ రంగు అక్కడక్కడా పొరలు లేచింది. పక్కన తెల్లటి గుండ్రం గీసి ఉంది. అందులో ఉన్న నంబరును ఎవరో గీకేశారు.

"పందెం బండి. చాలా పాతది," అన్నాడు రాజేశ్. "మీ సోలార్ రోడ్లు గీత గీసినట్టు ఉంటాయి, జనం ఉండరు. ఇక్కడ వీడియో తీసి అమ్మకానికి పెడతా. అంతవరకూ మీ కొట్టంలో ఉండనీ రామాంజినప్పా."

"దీన్ని ఎవరు కొంటారు సార్?"

"కలెక్టర్లు. దీనికోసం ఎగబడతారు."

తలుపు వెనక నిలబడి వింటున్న నా భార్య సుంకమ్మ ఊరుకోలేదు. "కలెక్టరుకు గవర్మెంటోళ్ళు జీపు ఇచ్చినారు కదప్పా, మళ్ళా ఇదెందుకు? దీంట్లో ఆయప్ప కూర్చుంటే డ్రైవరును యాడ కూర్చోబెట్టేది?"

మా అల్లుడు ప్రకాశ్ పగలబడి నవ్వాడు. "కలెక్టరు ఒళ్ళో కూర్చుంటాడు లే అత్తా!"

పాత వస్తువులు పోగుచేసే డబ్బున్న వాళ్ళను అలా అంటారని రాజేశ్ చెప్పాక సుంకమ్మ మూతి తిప్పుకుంది. "పాత సామాన్లు పోగుచేసుకుంటే కలెక్టరా? అట్లయితే మా ఆయన ఎప్పుడో కలెక్టరు."

ప్రకాశ్ సంగతి చెప్పాలి. మా ఒక్క బిడ్డ నేత్రావతిని అతనికి ఇచ్చాం. సొంత ఊరు క్యాతగానచెర్లు అయినా పని ఇక్కడే కాబట్టి ఇద్దరూ మా ఇంట్లోనే ఉంటున్నారు. ప్యానెళ్ళు కడగడానికి నీళ్ళ ట్యాంకరును ట్రాక్టరుతో లాగడం అతని పని. పీలగా, వెదురు బద్దలాగా ఉంటాడు. మంచివాడే, కానీ క్రమం తెలియదు. ఎండ ఎక్కకముందే ప్యానెళ్ళు కడగాలి, ఇతను మాత్రం ఈల వేసుకుంటూ తీరిగ్గా బయలుదేరేవాడు. నేను గసిరితే, "ప్యానెళ్ళు యాడికీ పారిపోవులే మామా," అనేవాడు. మా బిడ్డను నేత్రా అని పిలిచి ఏదో ఒకటి అని నవ్వించేవాడు. పొయ్యి దగ్గర వాళ్ళ నవ్వులు విని నేను చాలాసార్లు విసుక్కున్నాను.

బండి వచ్చిన మరుసటి పొద్దున కొట్టం తలుపు తీస్తే ఆముదం కాలిన వాసన వచ్చింది. బాలింత ఇంట్లో ఆముదం దీపం ఆర్పితే వచ్చే వాసన, దానికి పదింతలు. రాజేశ్‌ను అడిగితే ఆ కాలం పందెం ఇంజన్లలో ఆముదమే పోసేవారని చెప్పాడు.

"మరి ఇప్పుడు కూడా నడస్తాదా సార్?"

"ఎక్కడ నడుస్తుంది? ఇంజను ఎప్పుడో బిగుసుకుపోయింది, చుక్క నూనె లేదు. కొన్నవాడే బాగుచేయించుకోవాలి."

"దీన్ని తోలినోడు ఎవరు?"

ఆయన ఫోను చూసుకుంటూ అన్నాడు. "ఎవరో అప్పటి మనిషి. పందెంలో పోయాడు."

"పోయినాడంటే?"

"పోయాడంటే పోయాడు."

"ఇప్పుడు బండి ఎవరి పేరు మీద ఉండాది?"

"ఏ మనిషి పేరు మీదా లేదు. మా కంపెనీ పేరు మీదే కొన్నా, అలాగే అమ్మేస్తా," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు వింతగా తోచింది, కానీ పరాయి వ్యాపారం, మనకెందుకని ఊరుకున్నాను. బండి వచ్చాక రోజూ కొట్టం ఊడ్చేటప్పుడు మరో సంగతి గమనించాను. మా వైపు దుమ్ము ఎక్కువ. పొద్దున తుడిస్తే సాయంత్రానికి అన్నిటి మీదా ఎర్రటి పొర పడుతుంది. ఆ బండి మూతి మీద, చక్రాల మీద, చిన్న అద్దం మీద పడేది. సీటు మీద మాత్రం పడేది కాదు. నల్లటి తోలు సీటు, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు నున్నగా ఉండేది.

మహానవమి వచ్చింది. మా వైపు ఆయుధ పూజ పెద్ద పండగ. ట్రాక్టర్లు, ట్యాంకర్లు, గడ్డి కోసే యంత్రాలు, అన్నీ కడిగి వరుసగా నిలబెడతారు. బండికి పూజ చేసేటప్పుడు మాలో ఒక పద్ధతి ఉంది. పూజారి ఎవరి పేరు మీద అని అడుగుతాడు. ఆ పేరు గల మనిషి బండెక్కి కూర్చోవాలి. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. హారతి అయ్యాక అతనే బండిని ముందుకు కదిలించి వాటిని తొక్కించాలి. ఆ పూటతో ఆ బండి ఆ మనిషిదీ, ఆ మనిషి ఆ బండివాడూ అయినట్టు.

మా ట్రాక్టరు పూజ అయ్యాక పూజారి హనుమంతరాయప్ప కొట్టం దగ్గరికి వచ్చాడు. రాజేశే పిలిచాడు. పూలదండలు, కుంకుమ బొట్లు ఉంటే ఫోటోలు బాగుంటాయట, బయటి దేశాల వాళ్ళు ఇష్టపడతారట.

"ఎవరి పేరు మీద నాయనా?" అన్నాడు హనుమంతరాయప్ప.

రాజేశ్ వెనక్కి జరిగాడు. "పేరు వద్దు స్వామీ. ఊరికే దండ వేసి హారతి పట్టండి."

"పేరు లేకుండా పూజ యాడైనా చేస్తారా? ఎవురికని చేసేది? నీ పేరు చెప్పు."

"నా పేరు వద్దు." ఆ మాట అంటున్నప్పుడు రాజేశ్ ముఖంలో రక్తం లేదు. "నా పేరు మాత్రం వద్దు."

అప్పుడు సుంకమ్మ అంది. "మా అల్లుని పేరు చెప్పు సామీ. దాన్ని అద్దం మాదిరి తుడిసింది ఆ పిల్లోడే."

"వద్దు," అన్నాను నేను. "మనది కానిదానికి మన పేరేంది? ముట్టుకునేదే తప్పు."

"నీకు అన్నిట్లోనూ తప్పే కనపడతాది. పూజలో పేరు చెప్పినంత మాత్రాన బండి మన ఇంటికి వస్తాదా ఏంది?"

"నువ్వు నోరు ముయ్యి."

"పండగ పూట నోరు ముయ్యమంటాండాడు చూడు సామీ."

నేను ఇంకా మాట్లాడేలోపల ప్రకాశ్ దానిలోకి జారిపోయాడు. అతనికి సరిగ్గా, అచ్చు పోసినట్టు పట్టింది. భుజాలు రెండు పక్కలకూ అంటుకున్నాయి. "మామా, ఒక్క పూట కలెక్టరుగా ఉండనీ," అని కన్ను గీటాడు. నేత్రావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. హనుమంతరాయప్ప ప్రకాశ్ పేరు చెప్పి, ఇంటిపేరు చెప్పి, బండి మూతికి కుంకుమ పెట్టాడు.

హారతి పళ్ళెం తిప్పుతున్నాడు. ఆకు కూడా కదలడం లేదు. అయినా కర్పూరం మంట పక్కకు వాలింది. సీటు వైపు, ప్రకాశ్ గుండె వైపు వాలి అలాగే నిలబడింది, ఎవరో లోపలికి ఊపిరి పీలుస్తున్నట్టు.

ప్రకాశ్ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ మాట చిన్నగా వచ్చింది.

"మామా, నా వెనకాల ఎవురో కూర్చోనుండారు."

"వెనకాల చోటు యాడుండాది?"

"అదే నేనూ అనుకుంటాండా."

అందరం కలిసి బండిని తోశాం. నిమ్మకాయలు నలిగాయి. జనం చప్పట్లు కొట్టారు. ప్రకాశ్ బయటికి వచ్చి చొక్కా దులుపుకున్నాడు. చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. ఎండకు చెమట అనుకున్నాను.

ఆ సాయంత్రమే వీడియో తీయాలన్నాడు రాజేశ్. పండగ కాబట్టి ప్లాంటులో పనివాళ్ళు లేరు, రోడ్డు మనదే అన్నాడు. జీపుకు మోకు కట్టి బండిని లాగుతారు. మోకు కనబడకుండా తీయడం ఆయన చూసుకుంటాడు. బండిలో ఒక మనిషి కూర్చొని స్టీరింగు పట్టుకోవాలి. అందుకోసం రావాల్సిన బెంగళూరు మనిషి రాలేదు.

"నువ్వే కూర్చో ప్రకాశ్. పూజ నీ పేరు మీదే కదా అయింది," అన్నాడు.

నేను వద్దన్నాను. ప్రకాశ్ వినలేదు. "ఒక చుట్టు మామా. మళ్ళా దీన్ని జన్మలో చూస్తామా?"

జీపు రాజేశ్ నడిపాడు. వెనక భాగంలో కెమెరా బిగించి ఉంది. మోకు చూసుకోవడానికి నేను దాని పక్కనే, బండి వైపు తిరిగి కూర్చున్నాను. పూజ దండ ఇంకా బండి మూతి మీదే ఉంది. ప్రకాశ్ నన్ను చూసి చెయ్యి ఊపాడు.

మా ప్లాంటులో ప్యానెళ్ళు పొద్దుతో పాటు తిరుగుతాయి. పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమటికి. చీకటి పడ్డాక ఒక్కసారిగా కదిలి చదునుగా పడుకుంటాయి. మేం వెళ్ళేసరికి సూర్యుడు దిగిపోయాడు. పడమర ఎర్రగా ఉంది. రోడ్డుకు తూర్పున వరుస వెంట వరుస, ప్యానెళ్ళన్నీ మా వైపే ముఖం పెట్టి నిలబడ్డాయి. ఆ వేళప్పుడు వాటి అద్దం బావి నీళ్ళలా నల్లగా ఉంటుంది. అందులో ఆకాశం, జీపు, మోకు, బండి, అన్నీ కనబడుతున్నాయి. ఒక ప్యానెలులో మాయమై మరో ప్యానెలులో ప్రత్యక్షమవుతూ మా పక్కనే వస్తున్నాయి.

పిట్ట కూత లేదు. జీపు చప్పుడు, దుమ్ము వాసన, అంతే.

కొంత దూరం పోయాక ఆముదం వాసన వచ్చింది.

పక్కకు చూశాను. అద్దంలో నేను కనబడ్డాను. జీపు వెనక తలగుడ్డ కట్టుకొని కూర్చున్న ముసలివాణ్ణి. నా ఎదురుగా మోకు. మోకు చివర బండి. బండిలో మనిషి.

ఆ మనిషి ప్రకాశ్ కాదు.

తలకు తెల్ల గుడ్డ టోపీ. కళ్ళకు పెద్ద గుండ్రటి అద్దాలు. మెడకు ఏదో చుట్టుకొని ఉన్నాడు. నోరు తెరిచి ఉంది.

ఇటు తిరిగి చూశాను. ప్రకాశే ఉన్నాడు. గళ్ళ చొక్కా, నుదుట కుంకుమ. అటు చూశాను. ఇంకో ప్యానెలు... ఇంకో ప్యానెలు... అన్నిట్లోనూ టోపీ మనిషే. ప్రకాశ్ ఒక్కదానిలో కూడా లేడు.

నా కళ్ళ తప్పు అనుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను. మళ్ళీ చూశాను. అద్దంలోని మనిషి ఇప్పుడు ముందుకు చూడడం లేదు. నా వైపు తిరిగాడు.

"రాజేశ్ సార్... ఆపండి."

ఆయనకు వినబడలేదు. గట్టిగా అరిచాను. "ఆపు సార్!"

జీపు మెల్లబడింది. మోకు వదులైంది. రోడ్డు మీదికి జారింది. బండి మెల్లబడలేదు... దగ్గరికి వస్తూ ఉంది. లాగేవాడు లేకుండా వస్తూ ఉంది. ప్రకాశ్ నవ్వు పోయింది.

"బ్రేకు తొక్కు ప్రకాశూ!"

"తొక్కుతాండా మామా... నా కాళ్ళు కావివి..."

బిగుసుకుపోయిన ఇంజను అన్నాడు ఆ పెద్దమనిషి. చుక్క నూనె లేదన్నాడు. ఆ ఇంజను దగ్గింది. ఒకసారి... రెండోసారి... తర్వాత పెద్దగా కేక వేసింది. తెల్లటి పొగ లేచింది. మోకు చక్రాల కిందికి పోతే బండి పల్టీ కొడుతుందని నేను జీపు కొక్కెం నుంచి దాన్ని ఊడదీశాను. అంతలోనే బండి మమ్మల్ని రాసుకుంటూ ముందుకు పోయింది.

పోయేటప్పుడు నేను చూశాను. ప్రకాశ్ రెండు చేతులూ స్టీరింగు మీద లేవు. బండి అంచులు పట్టుకొని పైకి లేవడానికి పెనుగులాడుతున్నాడు. స్టీరింగు మాత్రం తిన్నగా, ఒడుపుగా తిరుగుతూ ఉంది.

"మామా!" అన్నాడు. ఆ తర్వాత పొగ.

రాజేశ్ జీపును దాని వెనక ఉరికించాడు. ఆయన పళ్ళు కొట్టుకుంటున్నాయి. "పేరు వద్దన్నా కదా... పేరు వద్దన్నా కదా..." అంటున్నాడు. ముందు ఎక్కడో ఆ ఇంజను కేక, సన్నగా, ఆగకుండా. చీకటి పడింది. జీపు దీపాల్లో పొగ తప్ప ఏమీ లేదు.

కేక ఆగిపోయింది.

అదే నిమిషంలో రోడ్డుకు రెండు వైపులా ప్యానెళ్ళన్నీ కదిలాయి. రోజూ వినే మోటార్ల చప్పుడే. ఆ రోజు మాత్రం వేలమంది ఒకేసారి మరోవైపు తిరిగి పడుకున్నట్టు వినిపించింది.

రోడ్డు ముగిసే చోట కంచె ఉంది. కంచెకు జానెడు దూరంలో బండి నిలబడి ఉంది. పొగ లేదు. ప్రకాశ్ సీటులో నిటారుగా కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప వాలడం లేదు.

"ప్రకాశూ..."

పలకలేదు. చెయ్యి పట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది. చంకల కింద చేతులు పెట్టి లాగాను. రాలేదు. రాజేశ్‌ను రమ్మన్నాను. ఆయన జీపు దగ్గరనుంచి కదలలేదు. మళ్ళీ లాగాను. లోపలినుంచి ఎవరో అతని నడుము చుట్టూ పట్టుకొని తమ వైపు లాక్కుంటున్నట్టు ఉంది. నేను లాగే కొద్దీ ఆ పట్టు బిగుస్తూ ఉంది. ప్రకాశ్ గొంతులో ఊపిరి గురగురమంది.

నా బిడ్డ ముఖం గుర్తుకు వచ్చింది. ఇంటికి పోయి ఆమెకు ఏం చెప్పాలి?

తలగుడ్డ విప్పాను. బండి మూతి మీద దండ తెంపి పారేశాను. కుంకుమను ఆ గుడ్డతో గట్టిగా తుడిచాను. ఏ మంత్రమూ నాకు తెలియదు. తెలిసిన న్యాయమే చెప్పాను.

"ఈ బండి మాది కాదు. మేము అడగల్యా, కొనల్యా. తప్పు జరిగింది. మా పిల్లోని పేరు మాకు ఇచ్చెయ్. నీ చోటు నువ్వే ఉంచుకో."

చాలాసేపు ఏమీ లేదు. గాలి కూడా లేదు. తర్వాత సీటు లోపలినుంచి పొడుగ్గా ఒక నిట్టూర్పు వచ్చింది... ఆముదం వాసనతో. పట్టు వదిలింది.

నేను లాగాను. వచ్చాడు. భుజాన వేసుకున్నాను. పీల మనిషి అని చెప్పాను కదా. ఆ రోజు అతను తడిసిన చెనక్కాయల మూటలా బరువున్నాడు. భయంలో మనిషి బరువెక్కుతాడేమో అనుకున్నాను.

జీపులో పడుకోబెట్టి వెనక్కి తిరిగేసరికి రాజేశ్ బండి మీద టార్పాలిన్ కప్పుతున్నాడు. అంచులు లాగి తాడు బిగిస్తున్నాడు. లారీకి ఫోను చేసి రమ్మన్నాడట. అక్కడినుంచే ఎక్కించి పంపేస్తాడట. నేను జీపు దీపం వెలుగులో చూశాను. టార్పాలిన్ చక్రాల దగ్గర జారి ఉంది, మూతి దగ్గర జారి ఉంది. సీటు ఉన్న చోట జారలేదు. అక్కడ తల ఎత్తులో, భుజాల వెడల్పున నిలబడి ఉంది.

"దాంట్లో ఏముండాది సార్?"

"ఏమీ లేదు." ఆయన అటు చూడలేదు. "తాడు కట్టు రామాంజినప్పా, నీకు దండం పెడతా."

నేను కట్టలేదు. ఆయనే కట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక ప్రకాశ్ రెప్పలు వాల్చి నిద్రపోయాడు. పొద్దున లేచాడు. ఒంటి మీద గీత లేదు. అన్నం తిన్నాడు, పనికి పోయాడు. ఏం జరిగిందని అడిగితే గుర్తులేదన్నాడు. సుంకమ్మ దిష్టి తీసి, మొక్కు మొక్కుకుంది.

ఆ తర్వాత నాకు కనబడిన మార్పు మంచి మార్పే. నాకంటే ముందు లేచేవాడు. చెప్పిన వేళకు ట్రాక్టరు తీసేవాడు. ఈల లేదు, వేళాకోళం లేదు. ప్యానెళ్ళు కడుగుతున్నప్పుడు ఒక్కో అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసి మరీ తుడిచేవాడట. సూపర్‌వైజరు నాతో అన్నాడు, నీ అల్లుడు బాగుపడినాడప్పా అని. భయం మనిషిని దారికి తెస్తుందని నేను ఎప్పుడూ అనేవాణ్ణి. నా మాటే నిజమైందని లోపల సంతోషించాను.

నేత్రావతి మాత్రం చిక్కిపోతూ వచ్చింది. ఒక రోజు నీళ్ళు తోడుతూ అంది.

"నాయనా, ఈయప్ప నవ్వడంల్యా."

"నవ్వకపోతే సంసారం జరగదా?"

"ఎండాకాలం మాదిరి ఎండ కాస్తాంటే మెడదాకా దుప్పటి కప్పుకొని పండుకుంటాడు. దుప్పటి తీయొద్దంటాడు."

"కాయకష్టం చేసేటోడు. పండుకోనీ."

"నన్ను పేరు పెట్టి పిల్సడంల్యా నాయనా. ఆ పొద్దు నుంచి ఒక్కతూరి కూడా."

"పెండ్లాన్ని పేరు పెట్టి అరిచేదే మర్యాదనా? పో, పని చూసుకో," అన్నాను. ఆమె చేద పట్టుకొని అలాగే నిలబడింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం. అరుగు మీద కూర్చున్నాను. ఎండ తెల్లగా కాస్తోంది. లోపల ప్రకాశ్ మంచం మీద పడుకొని ఉన్నాడు. తలుపు తీసే ఉంది, నాకు కనబడుతున్నాడు. నేత్రావతి వంటింట్లో టీ కాస్తోంది. రాజేశ్ ఫోను చేశాడు. బండిని తమిళనాడులో ఎవరో పెద్దమనిషి కొన్నాడని మాకు తెలుసు. దాని తర్వాత రాజేశ్ ఫోను చేయడం అదే మొదటిసారి.

"రామాంజినప్పా... మీ అల్లుడు ఎక్కడున్నాడు?"

"ఇంట్లోనే. పండుకోనుండాడు."

ఫోనులో ఆయన ఊపిరి వినబడుతోంది.

"ఏమైంది సార్?"

"కొన్నాయన ఫోను చేశాడు. గ్యారేజీలో బండి దగ్గర రోజూ ఎవరో మాట్లాడుతున్నారట. తలుపు తీస్తే ఎవరూ ఉండరట. అక్కడి కావలివాడు ఫోనులో పట్టి పంపాడు. వాడికి తెలుగు రాదు... ఏం మాటలో తెలియక నాకు పంపారు. నువ్వు విను."

ఏదో గరగరమంది. తర్వాత మూసిన గదిలో వచ్చే మోత. ఆ మోతలో చిన్నగా, అలిసిపోయిన ఒక గొంతు.

"మామా... మామా, ఈడ ఊపిరి ఆడల్యా. కాళ్ళు కదపను చోటు ల్యా..."

ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాను. ఆ గొంతు నాకు తెలుసు. పొద్దున్నే ప్యానెళ్ళు యాడికీ పారిపోవులే అని నన్ను ఎగతాళి చేసే గొంతు.

"నన్ను తీసినానని అనుకుంటాండావు కదా మామా... నన్ను తీయల్యా నువ్వు... నేత్రాను పక్కకు పిల్సుకో. ఆడ పండుకున్నోన్ని లేపొద్దను. ఎప్పటికీ లేపొద్దను..."

మాట ఆగిపోయింది. రాజేశ్ ఏదో అంటున్నాడు. నాకు వినబడలేదు.

తల ఎత్తాను. నేత్రావతి టీ గ్లాసు గూట్లో పెట్టి మంచం మీదికి వంగి ఉంది.

"లెయ్యప్పా. టీ సల్లారిపోతాది."

నేను పిలిచేలోపే ఆమె అతని భుజం పట్టుకొని కుదిపింది. ప్రకాశ్ కళ్ళు తెరవలేదు. ఒక పక్కకు తిరిగి, రెండు అరచేతులూ జోడించి చెంప కింద పెట్టుకొని, పసిబిడ్డలా నిద్రపోతున్నాడు. ఆ రెండు చేతులూ నాకు స్పష్టంగా కనబడుతున్నాయి.

దుప్పటి కిందనుంచి మరో చెయ్యి వచ్చి నా బిడ్డ మణికట్టు పట్టుకుంది.